డిఎంహెచ్‌పీ మీ చేతికొస్తే ముందు మందుల రిజిస్టర్ తెరవండి

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, అదే డిఎంహెచ్‌పీ, కొత్తగా మీ నెత్తిన పడిందా? అయితే మొదటి నెలంతా డిఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) వేరు డిఎంహెచ్‌పీ వేరు అని అందరికీ చెప్పుకోవడంతోనే సరిపోతుంది, ఓపిక పట్టండి. ఈ ప్రోగ్రామ్ 1996లో నాలుగు జిల్లాలతో మొదలైంది, అందులో మన మెదక్ ఒకటి. అంతకుముందు బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు బళ్లారిలో చేసి చూపించిన పద్ధతే దీనికి మూలం, జిల్లా మొత్తం ఒక్క సైకియాట్రిస్ట్ ముందు క్యూ కట్టకుండా మామూలు కేసులు పీహెచ్‌సీ డాక్టరే చూసుకునేలా చెయ్యడం.

చాలామంది ఛార్జ్ తీసుకోగానే క్యాంపులు, ర్యాలీలు, అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య దినం ఫ్లెక్సీలు అంటారు. చెయ్యండి, కాదనను, కానీ మొదటి వారం స్టోర్‌కి వెళ్లి మానసిక జబ్బుల మందులు, అంటే రిస్పెరిడోన్, ఓలాంజపైన్, ఎస్సిటాలోప్రామ్, వాల్‌ప్రోయేట్, లిథియం, ఫ్లూఫెనజైన్ ఇంజెక్షన్ ఎన్ని రోజులకి ఉన్నాయో మీ చేత్తో లెక్కపెట్టుకోండి. ట్రైహెక్సీఫెనిడిల్ అని చిన్న మాత్ర ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు, రిస్పెరిడోన్ ఉండి ఇది లేకపోతే కొందరికి చేతులు వణుకుతాయి, దవడ పట్టేస్తుంది, ఇంట్లోవాళ్లు భయపడి మొత్తం మందులే ఆపేస్తారు. నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇదే జరిగింది, ఒక తల్లి కొడుకుని తీసుకుని కూలి పోగొట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది, స్టాక్ లేదు వచ్చే వారం రమ్మన్నాం, ఆమె మళ్లీ రాలేదు, ఆశాతో కబురు పెడితే భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారని తెలిసింది. తప్పు ఆమెది కాదు కదా. అందుకే ఇండెంట్, అంటే మందులు కావాలని పెట్టే కోరిక పత్రం, ఎప్పుడూ కనీసం మూడు నెలల ముందు చూపుతో పెట్టండి, పక్క పీహెచ్‌సీలో మిగిలినవి సర్దుకునే ఏర్పాటు కూడా ముందే చేసుకోండి.

తర్వాత లెక్క మార్చండి. ఈ నెల ఎంతమందిని చూశాం అన్నది రివ్యూ మీటింగ్‌కి బాగుంటుంది గానీ, ఆరు నెలల కిందట మందులు మొదలెట్టినవాళ్లలో ఈ నెల ఎంతమంది వచ్చారు అని అడిగితే అసలు బండారం బయటపడుతుంది. రానివాళ్ల లిస్ట్ ఏఎన్ఎంకి, ఆశాకి ఇవ్వండి, కానీ పేర్లు మీటింగ్‌లో గట్టిగా చదవొద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. నా సలహా, ఈ క్లినిక్‌ని బీపీ షుగర్ క్లినిక్ రోజునే పెట్టండి, ఎవరు దేనికి వచ్చారో ఊరికి తెలీదు, పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

డాక్టర్లకి ట్రైనింగ్ అంటే హాల్లో పీపీటీ వేసి బిర్యానీ పెట్టి పంపడం కాదు, ఓపీలో పక్కన కూర్చోండి. డిప్రెషన్ అని ఎవరూ రారు, తల బరువు, గుండె దడ, ఒళ్లు నొప్పులు, నిద్ర లేదు అని వస్తారు. రెండు వారాలుగా మనసు బాలేదా, దేని మీదా ఆసక్తి లేదా అని అడగడం నేర్పండి, చచ్చిపోవాలనిపిస్తుందా అని కూడా నేరుగా అడగాలి, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్నది ఉత్త అపోహ. ఓపీ చీటీ వెనక మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416 ముద్ర కొట్టించండి, రాత్రిపూట మీరు ఎలాగూ దొరకరు.

తెలంగాణలో అయితే కల్లు సంగతి వదలొద్దు. అల్‌ప్రజోలామ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకి అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా ఆగితే ఫిట్స్, పిచ్చి మాటలు, కొన్నిసార్లు ప్రాణమే పోతుంది. 2015లో కల్తీ మీద గట్టిగా పట్టినప్పుడు నిజామాబాద్, మెదక్ వైపు ఇదే చూశాం. కాబట్టి ఎక్సైజ్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి, దాడులకి ముందు బెడ్లు, మందులు, డ్యూటీ డాక్టర్ సిద్ధంగా ఉండాలి.

పోలీసుల సంగతి ఇంకోటి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది, మానసిక జబ్బుతో రోడ్డు మీద తిరిగే మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. గొలుసులు వెయ్యడం నిషేధం, 2001లో తమిళనాడు ఎర్వాడిలో మానసిక రోగులుండే చోట మంటలొచ్చి గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు, గుర్తుందిగా. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే చూడాలని అదే చట్టం 115వ సెక్షన్ చెప్తుంది. ఎస్సైలకి సర్క్యులర్ పంపితే ఫైల్లోకి పోతుంది, స్టేషన్‌కి వెళ్లి టీ తాగి చెప్పండి, మీ ఫోన్ నంబర్ ఇవ్వండి.

పెన్షన్ పని మాది కాదని తోసెయ్యకండి. 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ ఉంటే ఏపీలో నెలకి 6000, తెలంగాణలో 4016 రావొచ్చు, మందులకొచ్చే బస్సు ఛార్జీ అందులోంచే వెళ్తుంది. సైకియాట్రిస్ట్ వచ్చే రోజునే సదరం (ఆ వైకల్య సర్టిఫికెట్ పరీక్ష) స్లాట్లు పడేలా చూస్తే ఒక ట్రిప్పు తప్పుతుంది.

చివరికి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఆ రోజు ఎవరు మందులకి వస్తున్నారో రాసిన ఫాలోఅప్ రిజిస్టర్‌ని బీరువాలో పడేసి వెళ్లకండి, వచ్చేవాళ్లని కూర్చోబెట్టి పేజీ పేజీ చూపించి సంతకం తీసుకుని ఇవ్వండి.