కొబ్బరి చిప్పలో వంగ నారు

వానాకాలంలో పెరటి మడిలో వంగ, టమాటా విత్తనాలు చల్లితే మా కోనసీమలో నీరు నిలిచి చాలా మొలకలు కుళ్లిపోతాయి. నారు ట్రేలు కొనేకన్నా ఇంట్లో రోజూ పారేసే కొబ్బరి చిప్పలు వాడి చూడండి.

మూడు కళ్లున్న చిప్ప మాత్రమే పనికొస్తుంది. ఆ మూడింటిలో ఒక కన్ను మెత్తగా ఉంటుంది. అక్కడ మేకుతో పొడిస్తే నీరు పోయే దారి ఏర్పడుతుంది, సుత్తి అక్కర్లేదు. లోపల అంటుకున్న కొబ్బరిని పూర్తిగా గీకేయండి, లేకపోతే చీమలు పడతాయి. కన్నం మీద చిటికెడు పీచు వేసి, మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపి అంచుకు అర అంగుళం కిందివరకు నింపండి. చిప్పకు రెండు విత్తనాలు, పావు అంగుళం లోతు చాలు. వాన నేరుగా పడకుండా, వెలుతురు తగిలేలా చూరు కింద ఉంచాలి. పాత గాజులు రెండు ఒకదానిపై ఒకటి పెట్టి వాటిలో కూర్చోబెడితే చిప్ప దొర్లదు, పిల్లలకు ఈ పని ఎంతో ఇష్టం కూడా.

నాలుగైదు ఆకులు వచ్చాక మట్టిగడ్డతో సహా తీసి నాటండి. చిప్పతో పాతిపెట్టవద్దు, అది త్వరగా చివకదు, వేర్లు బయటికి రాలేవు. బీర, సొర పాదులకు మాత్రం ఈ పద్ధతి వద్దు. వేర్లు కదిలితే అవి సులభంగా తేరుకోవు, చిప్ప లోతు కూడా వాటికి చాలదు. ఖాళీ చిప్పలను బోర్లించి పెట్టండి, నీరు నిలిస్తే దోమలు గుడ్లు పెడతాయి.