"మావాడు లెక్కల్లో వీక్ మాస్టారూ": తప్పును బట్టి మందు

బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి వరండాలో సాయంత్రం పూట ట్యూషన్ చెబుతాను. జూన్‌లో పిల్లల్ని చేర్చడానికి వచ్చే అమ్మానాన్నలందరిదీ ఒకటే మాట: "మావాడు లెక్కల్లో వీక్." డాక్టరు దగ్గరికెళ్లి "ఒంట్లో బాగోలేదు" అన్నట్టుంటుంది. రోగం ఏమిటో తెలియాలంటే పాత నోటుపుస్తకం కావాలి. అట్ట వేసిన కొత్తది వద్దు, ఎర్ర ఇంకు ఎక్కువున్నది తెమ్మంటాను. ఎనిమిదో తరగతిలో బయటపడిన తప్పు చాలాసార్లు మూడులోనో నాలుగులోనో పుట్టి ఉంటుంది. అక్కడిదాకా వెళ్లకుండా ఎనిమిదో తరగతి లెక్కలే ఇంకో యాభై చేయిస్తే ఆ తప్పే యాభైసార్లు సాధన అవుతుంది.

"అన్నీ వచ్చు, అజాగ్రత్త అంతే"

దీన్నే ముందు చెబుతాను, ఎందుకంటే పిల్లల పుస్తకాల్లో "అజాగ్రత్త" అని రాసేసి చేతులు దులుపుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక ఐదో తరగతి పాప 503లోంచి 278 తీసేసి 375 వేసింది. కంగారులో వేసిందేమో అనుకున్నాను. 402 − 156 ఇస్తే 354 అంది. 610 − 243 ఇస్తే 433. "ఎలా చేశావో చెప్పమ్మా" అన్నాను. "పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి కద సార్!" ఏ స్థానంలో చూసినా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తోంది, పైనున్నది ఏదో కిందున్నది ఏదో చూడకుండా. మొదట్లో ఎవరో చెప్పిన మాటను ఆ పిల్ల ఎంతో శ్రద్ధగా పాటిస్తోంది. దాన్ని పట్టుకుని అజాగ్రత్త అంటున్నాం.

కాబట్టి ఆ మాట వాడేముందు అదే రకం లెక్కలు మూడు ఇచ్చి చూడండి. మూడూ ఒకే తీరున తప్పితే లోపల ఒక తప్పుడు సూత్రం కూర్చుని ఉన్నట్టు. ఒకటి తప్పి రెండు ఒప్పైతే అప్పుడు నిజంగానే అజాగ్రత్త. అన్నం తిన్నాక కూర్చోబెట్టండి, చాలు.

తీసివేతకు మందు నోట్లు. ఐదు వందనోట్లు, మూడు రూపాయి బిళ్లలు చేతిలో పెట్టి 278 ఇమ్మనండి. ఇవ్వలేదు. చిల్లర కావాలంటుంది. ఒక వంద మార్చి పది పదులు ఇవ్వండి, అందులో ఒక పది మార్చి పది రూపాయి బిళ్లలు ఇవ్వండి. ఇప్పుడు తన దగ్గర నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు బిళ్లలు. 278 ఇచ్చేస్తే మిగిలేది 225. కాగితం మీద సున్నాను కొట్టేసి పైన 9 ఎందుకు వేస్తారో ఆ పూట అర్థమవుతుంది. "పక్కింటికెళ్లి అప్పు తెచ్చుకో" అని చెప్పే పద్ధతి నాకు నచ్చదు. తెచ్చిన అప్పు తిరిగి ఎప్పుడిస్తామని ఒక పిల్లాడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

భిన్నాలు రాగానే పెన్ను ఆగిపోతుంది

ఆగకపోతే ఇంకా ప్రమాదం. 1/2 + 1/4 = 2/6 అని చకచకా వేసేస్తారు. పైవి పైన, కిందవి కింద కూడేశారన్నమాట. కారణం ఏమిటంటే, ఆ పిల్లల కంటికి భిన్నం ఒక సంఖ్య కాదు, గీతకు పైన ఒకటి కింద ఒకటి నిలబడ్డ రెండు సంఖ్యలు.

వెంటనే క.సా.గు. (ఎల్‌సీఎం) మొదలెట్టకండి. "అరకిలో పంచదారలో పావుకిలో పోస్తే ఎంత?" అని అడగండి. "ముప్పావు" అని ఠక్కున చెబుతారు. "మరి నువ్వు వేసిన 2/6 అరకిలో కంటే ఎక్కువా తక్కువా?" 2/6 అంటే మూడో వంతు. కలిపితే తగ్గిపోయింది! ఆ మొహం చూడాలి అప్పుడు. పావు, అర, ముప్పావు అనే మాటలు బడికి రాకముందే పిల్లలకు వచ్చు. మన పాత లెక్కల్లో ఎనిమిదో వంతుకు పరక, పదహారో వంతుకు వీసం అని పేర్లుండేవి. ఇంట్లో అమ్మమ్మ ఉంటే వీసం గురించి అడగమనండి, ఒక గంట గడిచిపోతుంది.

ఇది పట్టుబడ్డాక "అరలో ఎన్ని పావులున్నాయి?" అని అడిగితే 1/2ను వాళ్లే 2/4గా మార్చుకుంటారు. హారం సమానం చేయడమంటే అదే. క.సా.గు. ఆ తర్వాత నేర్పినా పరవాలేదు.

0.35 పెద్దదా, 0.4 పెద్దదా?

0.35 అంటారు, 35 పెద్దది కాబట్టి. "సున్నా పాయింట్ ముప్పై అయిదు" అని చదవడం వల్ల వచ్చిన చిక్కిది. "పాయింట్ మూడు అయిదు" అని అంకెలు విడదీసి చదివించండి. గుంటూరు వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లలకు మంచి ఉపాయం ఒకటుంది: ఎకరానికి వంద సెంట్లు. 0.4 ఎకరం నలభై సెంట్లు, 0.35 ముప్పై అయిదు సెంట్లు. దస్తావేజులో 1.05కు బదులు 1.5 పడితే 45 సెంట్లు తేడా. అమరావతి చుట్టుపక్కల 45 సెంట్లంటే ఏమిటో పిల్లలకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మైనస్ కనబడితే తప్పు

పాఠ్యపుస్తకాల్లో చలి ప్రదేశాల ఉష్ణోగ్రతలు ఇస్తారు. బెజవాడ పిల్లాడికి సున్నా కిందికి పోయే ఉష్ణోగ్రత డీప్ ఫ్రీజర్‌లో తప్ప ఎక్కడ కనిపిస్తుంది? అపార్టుమెంటు లిఫ్టు మేలు. గ్రౌండ్ ఫ్లోర్ 0, సెల్లార్ −1. మూడో అంతస్తుకూ సెల్లార్‌కూ తేడా ఎంత? 3 − (−1) = 4. నాలుగుసార్లు ఎక్కి దిగితే సరిపోతుంది. వాచ్‌మన్‌కు ముందే చెప్పండి.

సమీకరణంలో 2x = 8, కాబట్టి x = 6

"అవతలికి పంపితే గుర్తు మారుతుంది" అన్న మంత్రం చేసిన పని. 2ను అవతలికి పంపాడు, గుర్తు మార్చాడు, 8లోంచి 2 తీసేశాడు. మంత్రం ప్రకారం వాడి తప్పేమీ లేదు. కొన్నాళ్లపాటు "పంపడం" అనే మాట ఇంట్లో నిషేధించండి. 2x + 3 = 11 అయితే "రెండు వైపులా 3 తీసేశాను, తర్వాత రెండు వైపులా సగం చేశాను" అని నోటితో చెబుతూ చేయాలి. తక్కెడ ఉదాహరణ చెబుదామంటే ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక అది పిల్లలకు బొమ్మల్లోనే కనిపిస్తోంది. హ్యాంగర్‌కు రెండు వైపులా సంచులు కట్టి చూపిస్తాను. చివర x విలువను మొదటి సమీకరణంలో పెట్టి సరిచూడటం తప్పనిసరి: 6 పెడితే 15 వస్తుంది, 11 కాదు.

లెక్క చదివి "కూడాలా, తీసేయాలా?" అని అడుగుతాడు

దీనికి రెండు వేర్వేరు కారణాలున్నాయి, మందులూ వేరు. ఏది కారణమో తేల్చుకోవడానికి ఇంగ్లీషులో ఉన్న లెక్కను మీరు తెలుగులో చెప్పండి. చేసేస్తే వాడికి లెక్క వచ్చు, భాష అడ్డుపడింది. అలాంటివాడికి కూడికలు కాదు, "అట్ లీస్ట్", "డిఫరెన్స్", "ఈచ్" లాంటి మాటల అర్థాలు కావాలి.

తెలుగులో చెప్పినా చేయలేకపోతే, మాటల్ని పట్టుకుని లెక్క చేసే అలవాటు పడి ఉంటుంది. "ఎక్కువ అని ఉంటే కూడు, తక్కువ అని ఉంటే తీసేయ్" అని ఎవరో చిట్కా చెప్పుంటారు. "రాము దగ్గర రవి కంటే 5 గోళీలు ఎక్కువున్నాయి. రాము దగ్గర 12 ఉంటే రవి దగ్గర ఎన్ని?" అని అడగండి. 17 అంటే చిట్కా పనిచేస్తున్నట్టే. అంకెలు తీసేసి కథ మాత్రం చెప్పమనండి: ఎవరి దగ్గర ఎక్కువ, ఎవరి దగ్గర తక్కువ. బొమ్మ గీయమనండి. అంకెలు చివర్లో.

గుంటూరులో మా బావమరిది ఇంట్లో ఉన్న వేసవిలో ఒక కుర్రాడికి లెక్కలు చెప్పాను. వాళ్ల నాన్న మిర్చి యార్డులో గుమస్తా. ఏకవస్తు పద్ధతిలో, అంటే ఒకదాని విలువ కనుక్కుని దాంతో మిగతావి లెక్కకట్టడంలో, వాడికి పదికి రెండు. "క్వింటా పదిహేను వేలుంది, టిక్కీ 42 కిలోలు తూగింది, ఎంతొస్తుంది రా?" అన్నాను. టిక్కీ అంటే మిర్చి బస్తా. "కిలో నూట యాభై... ఆరువేల మూడొందలు" అన్నాడు, కాగితం ముట్టుకోకుండానే. వాడు చేసింది అక్షరాలా ఏకవస్తు పద్ధతే. దాని పేరు అదని వాడికి ఎవరూ చెప్పలేదు. ముందు నోటితో చెప్పించి, చెప్పిందే వరుసగా రాయించాను. రాయడానికే వారం పట్టింది.

ఇంట్లో వస్తుంది, పరీక్షలో రాదు

ఇంట్లో ఒకే అభ్యాసంలోని పది లెక్కలు వరుసగా చేస్తారు. ఏ పద్ధతి వాడాలో పైన శీర్షికే చెప్పేస్తుంది. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. పైగా గైడు తెరిచి ఒక్కో మెట్టూ చూస్తూ "తెలిసిందే కదా" అనుకోవడం ఒకటి. అర్థమవడం వేరు, మూసి చేయగలగడం వేరు.

నాలుగు పాఠాల లెక్కల్ని చీటీల మీద రాసి హార్లిక్స్ సీసాలో వేయండి. రోజుకు అయిదు తీయాలి. మొదటి వారం లెక్క చేయక్కర్లేదు, ఇది ఏ పాఠం, ఏ పద్ధతి అని మాత్రం చెప్పాలి. తప్పు చెప్పిన చీటీ మళ్లీ సీసాలోకే. ఇది చేసిన కొత్తలో మార్కులు తగ్గినట్టు అనిపిస్తుంది, పిల్లలు గొణుగుతారు. మానకండి.

ఎక్కాలు రావు

రోజుకు అయిదు నిమిషాలు. వరుసలో అప్పజెప్పించకండి, 7 × 8 అని మధ్యలోంచి అడగండి.

ఏం చేసినా కదలడం లేదు

అయిదో తరగతికి వచ్చినా 7, 9లలో ఏది పెద్దదో తడుముకుంటుంటే, గడియారం, చిల్లర అసలు ఎక్కకపోతే, కొట్టకండి, ట్యూషన్ మార్చకండి. డిస్కాలిక్యులియా అనే అభ్యసన వైకల్యం ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది కూడా. పిల్లల డాక్టరుకు చూపించి, క్లినికల్ సైకాలజిస్టు చేత పరీక్ష చేయించండి. వెళ్లేటప్పుడు ఆ ఎర్ర ఇంకు నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లండి.