టవర్ పర్మిట్ తిరిగొచ్చిందా? ముందు ఫారంలో ఏం రాశారో చూడండి

టెక్సస్‌లో ఇల్లు కొని, అమెచ్యూర్ (హామ్) రేడియోకి ఎఫ్‌సీసీ (అమెరికాలో రేడియోలను నియంత్రించే ఫెడరల్ సంస్థ) ఇచ్చే జనరల్ లైసెన్స్ పాసై, పెరట్లో టవర్ లేపుదామని మనవాళ్లెవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) ఉందా అనే. "ఉంది అన్నా, అయినా ఎఫ్‌సీసీ లైసెన్స్ ఉందిగా, వాళ్లేం చేస్తారు?" అంటారు. చేస్తారు. తీయించేస్తారు.

సమస్య: సిటీ పర్మిట్ ఇచ్చింది, హెచ్‌ఓఏ మాత్రం తీసేయమంటోంది

హామ్ యాంటెన్నాలకు సర్దుబాటు చేయాలని 1985లో ఎఫ్‌సీసీ ఇచ్చిన పీఆర్‌బీ-1 ఆర్డర్ సిటీలు, కౌంటీల రూల్స్‌కే వర్తిస్తుంది. హెచ్‌ఓఏ నిబంధనలు ప్రైవేటు ఒప్పందం, ఇల్లు కొన్నప్పుడు మీరు ఒప్పుకున్నవే, వాటి జోలికి ఆ ఆర్డర్ వెళ్లదు. డిష్ యాంటెన్నాలను కాపాడే రూల్ ఇంకొకటి ఉంది కానీ అందులో హామ్ యాంటెన్నాలు లేవు, దాన్ని పట్టుకుని వాదనకు దిగొద్దు. క్లోజింగ్ రోజు (ఇల్లు మీ పేరున అయిన రోజు) ఇచ్చిన కాగితాల కట్ట విప్పి యాంటెన్నా అనే మాట ఎక్కడుందో వెతకండి, కట్ట పోతే కౌంటీ క్లర్క్ రికార్డుల్లో దొరుకుతుంది. పూర్తిగా నిషేధం అని ఉంటే అటకలో డైపోల్ (వైరు యాంటెన్నా), లేదా జెండా కర్రలో వర్టికల్ (నిలువు యాంటెన్నా). కమిటీ అనుమతితో అని ఉంటే రాతపూర్వకంగా అడగండి. హైదరాబాద్‌లో టెర్రస్ మీద వైరు కట్టుకోవడానికి అసోసియేషన్ ప్రెసిడెంట్‌ని బతిమాలినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఇది పది నిమిషాల పని, అయినా టవర్ సెక్షన్లు డెలివరీ అయ్యాక గానీ ఎవరూ చేయరు.

సమస్య: స్పెషల్ యూజ్ పర్మిట్ కావాలి, పబ్లిక్ హియరింగ్ పెట్టాలి, టవర్ ఎత్తెంతో అంత సెట్‌బ్యాక్ (సరిహద్దు నుంచి ఖాళీ) వదలాలి అంటున్నారు

నేను మూడు నెలలు పోగొట్టుకున్నది ఇక్కడే. ఫారంలో పని వివరం రాసే గడి ఒకటి ఉంటుంది, అందులో నేను శుభ్రంగా "రేడియో కమ్యూనికేషన్ టవర్, 55 అడుగులు" అని రాసిచ్చాను. అబద్ధమేం కాదు. కానీ కౌంటర్‌లో ఉన్నావిడకి కమ్యూనికేషన్ టవర్ అంటే సెల్ టవరే, ఫైల్ అటు వెళ్లిపోయింది. అన్ని వైపులా 55 అడుగులు వదలమని లెటర్ వచ్చింది. నా లాట్ వెడల్పు 70. రెండు పక్కలా కలిపి 110 ఎక్కడినుంచి తేను? ఇక పని కాదనుకుని వేరియన్స్‌కి (నా ఒక్క లాట్‌కి రూల్ సడలించమని) అప్లై చేసి, ఫీజు కూడా కట్టేశాను.

తర్వాత ఒకరోజు రాత్రి కూర్చుని సిటీ జోనింగ్ కోడ్‌లో నిర్వచనాల చాప్టర్ తెరిచాను. టెలికమ్యూనికేషన్ టవర్ అన్న పేరా చివర ఒక్క వాక్యం: అమెచ్యూర్ రేడియో యాంటెన్నాలు ఇందులోకి రావు. మన లెక్కంతా యాక్సెసరీ స్ట్రక్చర్ల (ఇంటికి అనుబంధంగా కట్టేవాటి) చాప్టర్‌లో ఉంది, అక్కడ సెట్‌బ్యాక్ కూడా పెరట్లో షెడ్డుకు ఎంతో అంతే. కోడ్‌లో రూల్ మొదటినుంచీ సరిగ్గానే ఉంది, నన్ను ముంచింది నేను రాసిన రెండు మాటలు.

అందుకని గడిలో ఇలా రాయండి: అమెచ్యూర్ రేడియో యాంటెన్నా సపోర్ట్ స్ట్రక్చర్, నాన్ కమర్షియల్, ఇంటికి యాక్సెసరీ. కమ్యూనికేషన్ అనే మాటే వద్దు. మీ సిటీ కోడ్‌లో మినహాయింపు వాక్యం ఉంటే సెక్షన్ నంబర్ పక్కనే వేయండి. లైసెన్స్ కాపీ, ఫెన్స్ నుంచి దూరాలు వేసిన సైట్ ప్లాన్, మీ కౌంటీ గాలి వేగానికి తగ్గ ఇంజినీరింగ్ డ్రాయింగ్ జతచేయండి. అంత ఎత్తు ఎందుకో కూడా ఒక పేజీ రాయండి: 14 మెగాహెర్ట్జ్‌లో సగం తరంగదైర్ఘ్యం సుమారు 35 అడుగులు, 7లో 70, యాంటెన్నా అంతకన్నా కిందుంటే సిగ్నల్ ఎక్కువగా నెత్తి మీదికే పోతుంది, దూరం వెళ్లదు. ఫైల్ ఇప్పటికే సెల్ టవర్ల వైపు వెళ్లిపోయి ఉంటే వేరియన్స్ జోలికి పోకుండా దాన్ని విత్‌డ్రా చేసి కొత్తగా వేయండి, అదే తొందరగా తేలుతుంది.

పీఆర్‌బీ-1 కాగితం కౌంటర్ మీద కొట్టి చూపించొద్దు. ఎంత ఎత్తైనా కట్టుకోవచ్చని అందులో లేదు. సిటీ సహేతుకంగా సర్దుబాటు చేయాలి, ఆంక్షలు అవసరమైన మేరకే పెట్టాలి, అంతవరకే ఉంది. టెక్సస్ చట్టంలో లోకల్ గవర్నమెంట్ కోడ్ 250.002 కూడా ఇంచుమించు అదే మాట చెబుతుంది. కొన్ని రాష్ట్రాలు అంకె కూడా వేశాయి: ఒరెగాన్‌లో 70 అడుగుల దాకా, వర్జీనియాలో 75 దాకా, జనం పలచగా ఉన్న కౌంటీల్లో అయితే 200 దాకా స్థానిక రూల్స్ అడ్డుపడకూడదు. అక్కడున్నవాళ్లు అదృష్టవంతులు.

మిగతావి

ఎత్తు లెక్క తేడా వచ్చిందంటే టవర్ ఒక్కటే కొలిచి ఉంటారు, పైన మాస్ట్ (యాంటెన్నా బిగించే గొట్టం), యాంటెన్నా కూడా కలపండి. క్రాంక్-అప్ (పైకి లేపి, కిందికి దించే టవర్) అయితే పూర్తిగా లేపినప్పటి ఎత్తే రాయండి. గై వైర్ల (టవర్‌ను పక్కల నుంచి లాగిపట్టే తీగల) యాంకర్ యుటిలిటీ ఈజ్‌మెంట్‌లో (కరెంటు, నీళ్ల లైన్లకు వదిలిన స్థలంలో) పడితే జరపాల్సిందే, వేరే దారి లేదు. ఎఫ్‌ఏఏ (విమానయాన సంస్థ) గొడవ 200 అడుగులు దాటితేనో, విమానాశ్రయం దగ్గరుంటేనో, మనలో చాలామందికి రాదు. పక్కింటాయన టీవీలో గీతలొస్తున్నాయని హియరింగ్‌లో లేస్తే కంగారు పడకండి, ఇంటర్‌ఫియరెన్స్ ఎఫ్‌సీసీ చూసుకునే విషయం, దాని మీద సిటీకి అధికారం లేదు. అయినా మర్యాదగా ఆయన ఇంటికెళ్లి రెండు ఫెరైట్ చోక్‌లు (వైర్లకు తగిలిస్తే ఆ గోల తగ్గించేవి) ఇచ్చి రండి.

పర్మిట్ చేతికొచ్చాక గొయ్యి తవ్వి, రీబార్ (ఇనుప చువ్వలు) కట్టి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా ఆగండి. శనివారం కాంక్రీట్ ట్రక్ దొరికిందని పోసేస్తే సోమవారం ఆయనొచ్చి కనిపించని రీబార్‌కి సంతకం పెట్టడు.