విశాఖ ఉక్కలో గౌడా చీజ్: డచ్ రైతు ఇంటి పద్ధతి

భీమిలిలో సమాధులున్న డచ్చివాళ్ళు వ్యాపారానికి వచ్చినవాళ్ళు. గౌడా చీజ్ మాత్రం వ్యాపారులది కాదు, రైతులది. రోజుకు రెండు పూటలా పాలు పితికే ఇంట్లో, అమ్ముడుపోగా మిగిలిన పాలకు ఆ పూటే ఒక దారి చూడాలి. ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళు చేసేవారు. అమెరికా వెళ్ళి 1847లో మిషిగన్‌లో హాలండ్, అయోవాలో పెల్లా అనే ఊళ్ళు కట్టుకున్నవాళ్ళయినా, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కెనడా, ఆస్ట్రేలియాలకు వలసపోయిన రైతు కుటుంబాలయినా పాడి పనిని వదల్లేదు. మనకు బాగా తెలిసిన హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవు పేరులోని ‘ఫ్రీజియన్’ కూడా నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్ నుంచి వచ్చిందే.

పాత నిఘంటువుల్లో చీజ్ అంటే జున్ను అని ఉంటుంది. మన జున్ను ఈనిన ఆవు మొదటి పాలతో చేసేది. ఈ రెంటికీ పోలికే లేదు. పన్నీరులా నిమ్మరసంతో విరగ్గొట్టేదీ కాదు. ఇక్కడ పాలు రెనెట్ అనే ఎంజైముతో గడ్డకడతాయి, పులుపు తర్వాత మెల్లగా ఎక్కుతుంది.

విశాఖలో ఇది చెడేది రెండు చోట్ల: పాల దగ్గర, వేడి దగ్గర. మధ్యలో పని ఓపికగా చేస్తే వచ్చేస్తుంది.

పాలు

10 లీటర్ల ఆవు పాలకు దాదాపు కిలో చీజ్ దిగుతుంది. అంతకన్నా తక్కువతో మొదలుపెట్టకండి. చిన్న ముద్ద పండేలోపే ఎండిపోతుంది. ఆనందపురం, పెందుర్తి వైపు పాడి ఉన్నవాళ్ళ దగ్గర పితికిన 2, 3 గంటల్లోపు పాలు తెచ్చుకోవడం మంచిది. మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉన్న పాలు కాచినప్పుడు విరక్కపోయినా, చీజ్‌లో చేదు తెస్తాయి.

పాలు పోసేవారిని ఒక మాట తప్పకుండా అడగండి: పొదుగువాపుకో, జ్వరానికో ఈ మధ్య ఆవుకు ఇంజెక్షన్ చేయించారా అని. యాంటీబయాటిక్ పాలల్లోకి దిగుతుంది, మనం వేసిన తోడును చంపేస్తుంది. పాలు రెనెట్‌తో గడ్డకడతాయి కాబట్టి ఆ రోజు ఏ తేడా కనిపించదు. పులుపెక్కని ముద్దలో మాత్రం చెడ్డ సూక్ష్మజీవులు చేరతాయి. పాలల్లో వంటసోడా కలిపినా పులుపు సరిగా ఎక్కదు, రెనెట్ కూడా నెమ్మదిస్తుంది.

ప్యాకెట్ పాలల్లో హోమోజినైజ్ చేసినవి, అంటే మీగడ పైకి తేలకుండా కొవ్వును నలగ్గొట్టినవి, వదులు గడ్డే ఇస్తాయి. అట్టపెట్టెల్లో వచ్చే యూహెచ్‌టీ పాలు అసలు పనికిరావు. గేదె పాలు త్వరగా, గట్టిగా గడ్డకడతాయి. చీజ్ తెల్లగా, బిరుసుగా వస్తుంది, గౌడా మెత్తదనం ఉండదు. డచ్ పల్లెల్లో పచ్చిపాలతో చేసేదాన్ని ‘బూరెన్‌కాస్’, అంటే రైతు చీజ్ అంటారు. ఇక్కడ ఆ సాహసం వద్దు. పచ్చిపాల ద్వారా పశువుల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లోసిస్ జబ్బు భయం ఉంది. 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, గిన్నెను చన్నీళ్ళ తొట్టిలో పెట్టి 31 డిగ్రీలకు దించండి. మరిగిస్తే మాత్రం గడ్డ కట్టదు.

తోడు, రెనెట్

మీసోఫిలిక్ కల్చర్ (ఓ మాదిరి వేడిలో పెరిగే బ్యాక్టీరియా తోడు), శాకాహార రెనెట్, తినడానికి పనికొచ్చే కాల్షియం క్లోరైడ్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఇంటి పెరుగు తోడుగా వేయకండి. అందులో ఏయే బ్యాక్టీరియా ఉందో చెప్పలేం, వాసన ప్రతిసారీ మారిపోతుంది.

కల్చర్ పొడిని ప్యాకెట్ మీద రాసిన లెక్కన 10 లీటర్లకు సరిపడా పైన చల్లి, 2 నిమిషాలు నాననిచ్చి కలపండి. 40 నిమిషాలు ఆగండి. తర్వాత 30 శాతం కాల్షియం క్లోరైడ్ ద్రావణం 3 మి.లీ. వేయండి. 63 డిగ్రీలకు వేడిచేసిన పాలకు గడ్డకట్టే బలం కొంత తగ్గుతుంది, ఇది దాన్ని తిరిగి ఇస్తుంది. రెనెట్‌ను సీసా మీది కొలత ప్రకారం 50 మి.లీ. చల్లటి నీటిలో కలిపి పోసి, ఒక నిమిషం మాత్రమే తిప్పి, పాలు నిలకడయ్యేలా చూడండి. ఆ నీళ్ళు కుళాయి నుంచి నేరుగా పట్టినవి కాకూడదు. క్లోరిన్ రెనెట్‌ను దెబ్బతీస్తుంది. మరిగించి చల్లార్చిన నీళ్ళయితే భయం లేదు.

ఎప్పుడు కోయాలో గడియారం చెప్పదు, గిన్నె చెబుతుంది. చిన్న స్టీలు గిన్నెను పాల మీద తేలనిచ్చి, వేలితో మెల్లగా తిప్పుతూ ఉండండి. మొదట్లో బొంగరంలా తిరుగుతుంది. 12వ నిమిషానికో, 15వ నిమిషానికో తిప్పినా కదలక పాలల్లో అతుక్కుపోయినట్టు ఆగిపోతుంది. రెనెట్ వేసినప్పటి నుంచి అప్పటికి ఎన్ని నిమిషాలయిందో దాన్ని 3తో హెచ్చించండి. 12 అయితే 36వ నిమిషంలో కోయాలి. పాలు ఏ రోజు ఎలా ఉన్నా ఈ లెక్క తప్పదు.

కోత, కడుగు

పొడవాటి కత్తితో 1 సెంటీమీటరు గళ్ళుగా నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా కోయండి. 5 నిమిషాలు వదిలేసి, తర్వాత 15 నిమిషాలు తెడ్డుతో అడుగు నుంచి మెల్లగా కదపండి. మొదట్లోనే గట్టిగా తిప్పితే ముక్కలు చితికి, వెన్న తేటలోకి పోతుంది. తేట పాలలా తెల్లగా కనిపిస్తే అదే జరిగిందని అర్థం. పచ్చటి ఛాయతో తేరి ఉండాలి.

గౌడాను గౌడాగా చేసేది ఈ తర్వాతి మెట్టు. 3 లీటర్ల తేట తీసేసి, 60 డిగ్రీల వేడినీళ్ళు 2 లీటర్లు పోయాలి. దాంతో గిన్నె 37 డిగ్రీలకు చేరుతుంది. తేటతో పాటు పాల చక్కెర కొంత బయటికి పోతుంది కాబట్టి బ్యాక్టీరియాకు తిండి తగ్గుతుంది, పులుపు ఒక హద్దు దాటదు. గౌడాలోని తియ్యదనం, సాగే మెత్తదనం ఈ కడుగు వల్లే. నీళ్ళు 10 నిమిషాలు పట్టేలా సన్నటి ధారగా పోయండి. ఒక్కసారిగా పోస్తే ముక్కల చుట్టూ తోలు కట్టి, లోపలి తేట లోపలే చిక్కుకుపోతుంది. ఆ చీజ్ నెల తర్వాత లోపల తడిగా, పుల్లగా తేలుతుంది. ఇంకో 20 నిమిషాలు కదిపాక గుప్పెడు తీసి పిండి చూడండి. ముద్ద కట్టి, బొటనవేలితో నొక్కితే మళ్ళీ విడిపోవాలి.

జీలకర్ర చీజ్ కావాలంటే ఇక్కడే కలపాలి. లైడెన్ ఊరి చీజ్‌లో వేసేది మన జీలకర్రే. 2 చెంచాల జీలకర్రను నీళ్ళలో 10 నిమిషాలు మరిగించి వేయండి. తీసేసిన తేట తియ్యగా ఉంటుంది, పశువుల కుడితిలో కలిపితే ఇష్టంగా తాగుతాయి. కాలువలో పారబోయకండి, వాసన కొడుతుంది.

బరువు, ఉప్పు

ముక్కలు ఇంకా తేటలో ఉండగానే పైన పళ్ళెం బోర్లించి 15 నిమిషాలు నొక్కండి. గాలి చొరబడక ముద్ద సాఫీగా వస్తుంది. తర్వాత మల్లుగుడ్డ పరిచిన 15 సెంటీమీటర్ల వెడల్పున్న చిల్లుల డబ్బాలోకి మార్చండి. 4 కిలోల బరువు అరగంట, తిరగేసి 8 కిలోలు అరగంట, మళ్ళీ తిరగేసి 12 కిలోలు. నీళ్ళు నింపిన క్యాన్లు చాలు, లీటరుకు కిలో లెక్క.

రాత్రంతా బరువు కింద ఉంచమని చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఆ మాట 18, 20 డిగ్రీల గదులకు సరిపోతుంది. మన 30 డిగ్రీల వంటింట్లో ఆ బ్యాక్టీరియాకు పండగే. తెల్లారేసరికి పులుపు దాటిపోయి, చీజ్ సుద్దలా పొడిపొడిగా విరుగుతుంది. విశాఖలో 5, 6 గంటలు చాలు. పులుపు కొలిచే పీహెచ్ మీటరు ఉంటే 5.3 దగ్గర ఆపండి.

ఉప్పునీటికి 3 లీటర్ల మరిగించి చల్లార్చిన నీళ్ళు, 750 గ్రాముల అయోడిన్ కలపని కల్లుప్పు, చెంచా వెనిగర్, ఒక పెద్ద చెంచా కాల్షియం క్లోరైడ్ ద్రావణం. చివరి రెండూ లేకపోతే చీజ్ పైపొర జారుడుగా, జిగటగా అవుతుంది. కిలో ముద్దను 8 గంటలు, సగంలో తిరగేస్తూ, 13 డిగ్రీల దగ్గర ఉంచండి.

పండబెట్టడం

మామూలు ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, చీజ్ పండదు. బయట గదిలో పెడితే నెయ్యి కారుతుంది. పాత చిన్న ఫ్రిజ్‌కు బయటి నుంచి టెంపరేచర్ కంట్రోలర్ తగిలించి 12 డిగ్రీలకు పెట్టడమే దారి. ఊరంతా ఉక్కగా ఉన్నా ఫ్రిజ్ లోపల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, చీజ్‌ను మూత కొద్దిగా తెరిచిన డబ్బాలో పెట్టి 80 నుంచి 85 శాతం తేమ ఉండేలా చూడాలి. ఫ్యాను కింద ఆరబెట్టకండి, పైపొర పగులుతుంది. డబ్బాలోనే రోజూ తిరగేస్తూ 4, 5 రోజులు ఆరనివ్వండి. బూజు కనిపిస్తే ఉప్పునీటిలో ముంచిన గుడ్డతో తుడవండి. తర్వాత చీజ్ మైనం రెండు పూతలు వేయండి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, అంటుకుంటుంది. వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించండి. కొవ్వొత్తి మైనం పెళుసు, పగిలిపోతుంది.

అక్టోబరు తుపాన్ల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. నవంబరు చివర్లో మొదలుపెడితే ఎండాకాలంలోపే చాలావరకు పండుతుంది. కరెంటు పోతే ఐస్ కట్టిన సీసాలు లోపల పెట్టి తలుపు తెరవకండి.

మొదటి రెండు రోజుల్లోనే ముద్ద ఉబ్బి, కోస్తే స్పాంజిలా చిల్లులు కనిపిస్తే గిన్నెల మురికి వల్లో, పాల మురికి వల్లో వచ్చిన తెగులు అది. రుచి కూడా చూడకుండా పారేయండి. నెల దాటాక ఉబ్బితే తప్పు పశువుల మేతలో ఉంటుంది. సైలేజీ, అంటే గాలి తగలకుండా పులియబెట్టిన పచ్చిమేత, మేసిన పశువుల పాలల్లోకి వచ్చే బీజాలు 63 డిగ్రీలకు చావవు. తర్వాతిసారి పచ్చిగడ్డి మేసే ఆవు పాలు తీసుకోండి.

4 వారాలకు డచ్చివాళ్ళు దాన్ని ‘యోంగ్’, అంటే లేతది అంటారు. 16 నుంచి 18 వారాలకు ‘బెలేఖెన్’, అంటే పండింది, 10 నుంచి 12 నెలలకు ‘ఔట్’, అంటే ముదురు. కిలో ముద్దను 8 వారాలకు ముందు కోయకండి, 4 నెలలు దాటితే ఎండడం మొదలవుతుంది. కోసిన వైపు బటర్ పేపరు చుట్టి, మిగతాది మామూలు ఫ్రిజ్‌లోనే పెట్టుకోవచ్చు. తినే ముందు అరగంట బయట ఉంచండి. చల్లగా ఉన్నప్పుడు గౌడా వాసన బయటికి రాదు.