హోమ్ థియేటర్ స్పీకర్లు: ఎక్కడ పెట్టాలి, ఎలా కలపాలి

వైరు కొయ్యకముందే స్పీకర్ల చోట్లు తేల్చుకోండి. తర్వాత జరపాల్సి వస్తే వైరు చాలక అతుకులు పడతాయి. ఇక్కడ చెప్పేది 5.1 సెట్ గురించి: ముందు మూడు స్పీకర్లు, పక్కల నుంచి వినిపించే సరౌండ్ రెండు, లోతైన బేస్ పలికే సబ్‌వూఫర్ (సబ్) ఒకటి.

కొలతలన్నీ మీరు కూర్చునే చోటు నుంచే తీసుకోవాలి. ముందు ఎడమ, కుడి స్పీకర్లు టీవీ మధ్య గీతకు అటూ ఇటూ 22 నుంచి 30 డిగ్రీల్లో ఉండాలి. 30 డిగ్రీలకు కోణమానిని అక్కర్లేదు, టేపు చాలు: ఒక్కో స్పీకర్ మీకు 2.5 మీటర్ల దూరంలో ఉంటే, వాటి రెండింటి మధ్య కూడా 2.5 మీటర్లే ఉండాలి. ట్వీటర్, అంటే స్పీకర్‌లో సన్నని స్వరాలు పలికే చిన్న భాగం, మీ చెవి ఎత్తుకు రావాలి.

సెంటర్ స్పీకర్‌ను టీవీ కింద అరలో లోపలికి తోసేస్తుంటారు. పాటలు హోరెత్తుతున్నా మాటలు ముద్దగా వినిపించడానికి చాలా ఇళ్లలో కారణం ఇదే. అర పలకలకు తగిలి తిరిగొచ్చిన శబ్దం అసలు మాటతో కలిసిపోతుంది. స్పీకర్‌ను అర అంచు దాకా ముందుకు లాగి, ముందు భాగం కింద చిన్న రబ్బరు ముక్క పెట్టి, మొహం మీ చెవివైపు తిరిగేలా ఎత్తండి.

సరౌండ్ స్పీకర్లు మీకు సరిగ్గా పక్కన, లేదా కాస్త వెనక్కి: 90 నుంచి 110 డిగ్రీలు, చెవికి కొంచెం పైన. గది వెనక మూలల్లో బిగించకండి.

ఇక వైరింగ్. రిసీవర్ (స్పీకర్లన్నింటికీ శబ్దం పంపే పెట్టె) ప్లగ్ తీసేశాకే మొదలుపెట్టండి. 8 ఓమ్‌ల స్పీకర్లకు, 15 మీటర్ల లోపు దూరానికి 16 గేజ్ రాగి వైరు సరిపోతుంది. 4 ఓమ్‌ల స్పీకరైనా, దూరం ఎక్కువైనా 14 గేజ్ తీసుకోండి. అంకె తగ్గేకొద్దీ వైరు లావు. చివర 12 మిల్లీమీటర్లు ఒలిచి, పోగులన్నీ గట్టిగా పురిపెట్టి దూర్చండి. ఒక్క పోగు బయటికొచ్చి పక్క టెర్మినల్‌కు తగిలినా షార్టై, రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది.

ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. గీత ఉన్న వైరును రెండు కొసల్లోనూ ఒకే రంగుకు వాడండి. ముందు ఎడమ, కుడి స్పీకర్లలో ఒకదాని వైర్లు తిరగబడితే ఒక స్పీకర్ కోన్ బయటికి తోస్తుంటే రెండోది లోపలికి లాగుతుంది. బేస్ చచ్చిపోతుంది, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియదు. అనుమానముంటే రిసీవర్ వైపు కొసలు ఊడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను ఎరుపు వైరుకు, మైనస్‌ను నలుపు వైరుకు ఒక్క క్షణం తాకించండి. వూఫర్ (స్పీకర్‌లోని పెద్ద కోన్) బయటికి కదిలితే కనెక్షన్ సరైనదే.

సబ్‌వూఫర్‌కు రిసీవర్ సబ్ అవుట్ నుంచి ఎల్‌ఎఫ్‌ఈ ఇన్‌పుట్‌కు ఒక్క ఆర్‌సీఏ కేబుల్ చాలు. సబ్ ఏ స్వరం దాకా పలకాలో తేల్చేది క్రాసోవర్. సబ్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ను అన్నిటికన్నా పెద్ద అంకె దాకా తిప్పి, రిసీవర్‌లో క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టండి. రెండు చోట్లా కోత పెడితే మధ్య స్వరాలు మాయమవుతాయి. చోటు వెతకడానికి చెవిని మించిన పరికరం లేదు: సబ్‌ను తెచ్చి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ గిటార్ స్పష్టంగా ఉన్న పాట వేసి, గోడల వెంబడి తల కిందికి దించి మెల్లగా తిరగండి. ప్రతి స్వరమూ సమానంగా, విడివిడిగా వినిపించిన చోటే సబ్‌కు సరైన చోటు. మూలలో శబ్దం పెరుగుతుంది గానీ తరచూ ఒకే స్వరం బుంయిమంటుంది.

టీవీ శబ్దం రిసీవర్‌కు రావడానికి ఆర్క్ లేదా ఈఆర్క్ అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టునే వాడి, టీవీ ఆడియో సెట్టింగ్‌లో పీసీఎం బదులు బిట్‌స్ట్రీమ్ లేదా పాస్‌త్రూ ఎంచుకోండి. లేకపోతే చాలా టీవీల నుంచి రెండు చానళ్లే వస్తాయి.

చివరగా ఆటో కాలిబ్రేషన్, అంటే రిసీవర్ మైకుతో స్పీకర్ల శబ్దం, దూరం కొలిచి తానే సర్దుకోవడం. మైకును సోఫా మీద పడేయకుండా స్టాండుకు బిగించి, చెవి ఎత్తులో ఉంచండి. ఫలితాల్లో ముందు స్పీకర్లు ‘లార్జ్’ అని వస్తే ‘స్మాల్’కు మార్చండి, అప్పుడే వాటి లోతైన బేస్ సబ్‌కు వెళ్తుంది. సబ్ దూరం మాత్రం టేపు కొలత కన్నా ఎక్కువ చూపించినా ముట్టుకోవద్దు. సబ్ లోపలి సర్క్యూట్‌లో జరిగే ఆలస్యాన్ని కూడా రిసీవర్ ఆ దూరంలోనే కలిపి లెక్కేస్తుంది.