మల్కాజ్‌గిరిలో కూర్చుని జర్మన్ కోడలి ముత్తాతలను వెతకడం ఎలా

ముల్లర్ అనే ఇంటిపేరు పట్టుకుని జర్మనీలో ఎవరినీ వెతకలేం. అక్కడ అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదే, మా కోడలి తాతగారిదీ అదే. అందుకని ఈ సరదా మొదలుపెట్టేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఒకటే: పేరు పక్కన పెట్టి ఊరు పట్టుకోండి. ఊరు తెలిస్తే ఏ రిజిస్టర్ తిరగేయాలో తెలుస్తుంది.

ఆ ఊరి పేరు ఇంటర్నెట్‌లో కన్నా ముందు వాళ్ళింటి బీరువాలో దొరుకుతుంది. పెళ్ళి రిజిస్టర్ అయినప్పుడు తీసుకునే కుటుంబ పుస్తకం, ష్టామ్‌బూఖ్ అంటారు, చాలా ఇళ్ళలో ఉంటుంది. పెళ్ళి, పిల్లల పుట్టుకలు ఆఫీసు ముద్రలతో సహా అందులో ఉంటాయి. రెండోది ఆనెన్‌పాస్. తమ వంశంలో యూదులు లేరని చూపించుకోవడానికి నాజీల కాలంలో జనం రాయించుకున్న చిన్న పుస్తకం. చర్చి రిజిస్టర్లు చూసి తాతముత్తాతల ఊళ్ళు, తేదీలు ఎక్కించి ముద్ర వేయించుకునేవారు. అది పుట్టిన కారణం పాపిష్టిదే అయినా అందులోని వివరాలు మనకి అక్కరకొస్తాయి. అడిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. మా వియ్యపురాలిని నేను దాని పేరెత్తి అడగలేదు. “వదినగారూ, మీ అమ్మగారి వైపు పాత కాగితాలేమైనా దాచారా?” అని వీడియో కాల్‌లో కోడలి చేత అడిగించాను. రెండు వారాల తర్వాత ఆవిడే తీసి చూపించింది. అన్నట్టు, మన గడియారం కన్నా వాళ్ళది ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. మన పొద్దున కాఫీ టైముకి ఫోన్ చేసి ముసలివాళ్ళ నిద్ర చెడగొట్టకండి.

ఊరు దొరికాక మైయర్స్ గెజిటీర్ తెరవండి. 1912-13లో అచ్చయిన ఊళ్ళ నిఘంటువు అది, ఆన్‌లైన్‌లో ఉచితం. పల్లె పేరు కొడితే ఏ జిల్లా, ఏ రిజిస్ట్రార్ ఆఫీసు, చర్చి ఊళ్ళోనే ఉందా అన్నీ చెబుతుంది. నొయ్‌కిర్షెన్ లాంటి పేరైతే ఒకటి కాదు, బోలెడు ఊళ్ళు వరసగా వస్తాయి, కాబట్టి జిల్లా కూడా తెలుసుకునే దిగండి. పాత పటంలో జర్మనీలో ఉన్న ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉండొచ్చు: బ్రెస్లావ్ ఇప్పుడు వ్రోత్స్వాఫ్, డాంజిగ్ ఇప్పుడు గ్దాన్‌స్క్. కంగారు అక్కర్లేదు. పోలండ్ ప్రభుత్వ ఆర్కైవ్‌లు చాలా స్కాన్లు ఉచితంగా పెట్టాయి.

ఇక కాలం. అప్పటి జర్మనీలో అన్నిటికన్నా పెద్ద రాజ్యమైన ప్రష్యాలో 1874 అక్టోబరు నుంచి, జర్మనీ అంతటా 1876 జనవరి నుంచి పుట్టుక, పెళ్ళి, చావు ప్రభుత్వ రిజిస్టర్లలోకి వచ్చాయి. రైన్ నదికి పడమటి వైపు మాత్రం అప్పట్లో అక్కడ ఏలిన ఫ్రెంచివాళ్ళ పుణ్యమా అని 1798 నుంచే ఉన్నాయి. అంతకు ముందంతా చర్చి పుస్తకాలే. ప్రభుత్వ రిజిస్టర్లలో పుట్టుకలు 110 ఏళ్ళు, పెళ్ళిళ్ళు 80, మరణాలు 30 ఏళ్ళు దాటాకే అందరికీ తెరుస్తారు. ఆ లోపు కావాలంటే ఆ వంశంలో నేరుగా పుట్టినవాళ్ళు అడగాలి. నేను అత్తగారినైనా నాకివ్వరు, కోడలే సంతకం పెట్టాలి. ఉత్తరం నాలుగు లైన్లు చాలు: ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ, మీకేమవుతారు.

చర్చి పుస్తకాలకైతే మతశాఖ తెలియాలి. క్యాథలిక్కులవి మాట్రికులా సైట్‌లో ఉచితం, ప్రొటెస్టెంట్లవి ఎక్కువగా ఆర్కియోన్‌లో, డబ్బు కట్టాలి. రెండింటిలోనూ అన్ని ఊళ్ళూ లేవు.

అసలు కష్టం చదవడంలోనే. అవి కుర్రెంట్ అనే పాత చేతిరాతలో ఉంటాయి. ‘ఇ’ (e) చూస్తే ‘ఎన్’ (n) లాగే ఉంటుంది, ‘యు’ (u) నెత్తిన చిన్న వంపు గీత ఉంటే తప్ప దాన్ని కూడా పోల్చుకోలేం. నేను రెవెన్యూ రికార్డు రూములో పనిచేసి రిటైరైన దాన్ని. నిజాం కాలపు ఉర్దూ కాగితాల్లో షికస్తా అనే గొలుసుకట్టు రాతని మా ఆఫీసు పెద్దాయన ఒకరు గడగడా చదివేవారు. ప్రతి అక్షరం చూసి కాదు, ఏ గడిలో ఏం రాసి ఉంటుందో ముందే తెలిసి. కుర్రెంట్‌కీ అదే మందు. బాప్టిజం ఎంట్రీలో బిడ్డ పేరు, తేదీలు, తండ్రి పేరు, పని, తల్లి పుట్టింటి ఇంటిపేరు, తర్వాత జ్ఞాన తల్లిదండ్రులు, అంటే బాప్టిజం అప్పుడు బిడ్డ తరఫున సాక్షులుగా నిలబడేవాళ్ళు, ఉంటారు. తల్లి ఇంటిపేరు ముందు ‘గెబ్.’ అనే పొట్టి మాట వెతకండి, అక్కడి నుంచి ఇంకో వంశం మొదలవుతుంది. నెల దగ్గర 7 అంకె, పక్కన ‘బీఆర్’ కనిపిస్తే అది జులై కాదు, సెప్టెంబర్. 8 అక్టోబర్, 9 నవంబర్.

హెస్సె ప్రాంతంలోని ఒక పల్లెలో 1858 నాటి ఎంట్రీ నాకు బాగా పనికొచ్చింది. తండ్రి నార బట్టలు నేసేవాడు. తల్లి ఇంటిపేరు సిరా మరకలో సగం పోయింది. కింద జ్ఞానతల్లి ఇంటిపేరు సరిగ్గా ఆ మిగిలిన సగంతోనే ముగుస్తోంది, ఆమెది పక్క ఊరని కూడా రాశారు. అక్కాచెల్లెళ్ళని అనుమానమొచ్చి ఆ పక్క ఊరి పుస్తకం తెరిస్తే ఇద్దరి బాప్టిజాలూ ఉన్నాయి, తండ్రి ఒక్కడే. జ్ఞాన తల్లిదండ్రుల లైను ఎప్పుడూ వదలొద్దు.

పేర్లతో ఇంకో తిరకాసు: అన్నదమ్ములందరూ యొహానే. పిలిచే పేరు రెండోది. బిడ్డ చనిపోతే తర్వాతి బిడ్డకి అదే పేరు పెట్టేవారు, కాబట్టి మరణాల పుస్తకం చూడకుండా ఎవరినీ చెట్టులో ఎక్కించకండి. ఇంటర్నెట్‌లో ఎవరో కట్టిన వంశవృక్షాలు చాలావరకు ఒకరిది చూసి ఒకరు దించినవే. ఊరి పేరు కోసం చూడండి, నమ్మకం మాత్రం రిజిస్టర్ మీద పెట్టండి.

ఆర్కియోన్ పాస్ నెల లెక్కన అమ్ముతారు, కొన్న రోజు నుంచే గడువు నడుస్తుంది. అందుకే ఏ ఊరు, ఏ సంవత్సరాలు చూడాలో జాబితా రాసుకుని, ఇంట్లో పండగలూ చుట్టాలూ లేని నెల చూసి కొనండి. దానికి ముందు బ్యాంక్ యాప్‌లో మీ కార్డుకి ఇంటర్నేషనల్ పేమెంట్ ఆన్ చేసుకోండి.