విశాఖలో తిరిగే కారుకు స్టీల్ బ్రెయిడెడ్ బ్రేక్ హోస్‌లు వేయించాలా?

బ్రేక్ పెడల్ మెత్తబడిందంటే చాలు, స్టీల్ జాలీ అల్లిన హోస్‌లు వేయించమని సలహాలు మొదలవుతాయి. రోజూ మద్దిలపాలెం నుంచి గాజువాకకో, ఎండాడ నుంచి జగదాంబకో తిరిగే కారుకు అవి అవసరం లేదు. పాత రబ్బరు హోస్‌లు తీసి కంపెనీవే కొత్తవి వేసి, బ్రేక్ ఆయిల్ పూర్తిగా మారిస్తే పెడల్ చాలావరకు దారికొస్తుంది. ఈ ఊళ్లో కన్నేసి ఉంచాల్సింది రబ్బరు ముక్కల మీద కన్నా కారు కింద పొడవునా పాకే ఇనుప బ్రేక్ పైపుల మీద. సముద్రపు ఉప్పు గాలి మొదట తినేది వాటినే.

పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా ఆయిల్ ఎక్కువ దూరం వెళ్లేది 4.75 మి.మీ. ఇనుప పైపులోనే. చక్రం పైకీ కిందికీ, పక్కలకూ కదిలే చోట మాత్రమే జానెడు, మూరెడు రబ్బరు హోస్ ఉంటుంది. మన మామూలు కార్లలో ముందు రెండు, వెనక ఇరుసు దగ్గర రెండు. లోపల ఈపీడీఎం రబ్బరు, మధ్యలో గట్టి దారపు అల్లిక, పైన మళ్లీ రబ్బరు. గట్టిగా తొక్కినప్పుడు ఇది కాస్త ఉబ్బుతుంది, ఆ ఉబ్బే మేరకు పెడల్ కిందికి దిగుతుంది. బ్రెయిడెడ్ హోస్‌లో లోపల పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం ప్లాస్టిక్) గొట్టం, దాని మీద స్టెయిన్‌లెస్ తీగల అల్లిక ఉంటాయి కాబట్టి ఉబ్బు తక్కువ, పాదానికి గట్టిదనం తెలుస్తుంది. అంతకు మించి ఆశించకండి. బ్రేక్ పట్టే బలం పెరగదు, కారు ఆగే దూరం తగ్గదు. అవి టైర్లు, ప్యాడ్లు, ఏబీఎస్ చేతిలో ఉంటాయి. కొత్త రబ్బరు హోస్‌కూ దీనికీ ఊరి రోడ్ల మీద తేడా స్వల్పం. మీరు పోల్చుకుంటున్నది పదేళ్ల పాత రబ్బరుతో అయితే తేడా పెద్దగా కనిపిస్తుంది, కానీ ఆ ఘనత కొత్తదనానిది.

రబ్బరు బలం మీద అనుమానం ఉన్నవారికి ఒక లెక్క. అమెరికా ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 106 ప్రకారం బ్రేక్ హోస్ సుమారు 276 బార్ ఒత్తిడిని రెండు నిమిషాలు తట్టుకోవాలి. సన్న రకాలైతే దాదాపు 480 బార్ లోపు పగలకూడదు. కారు బ్రేక్ గట్టిగా తొక్కినా లైన్‌లో పుట్టేది సాధారణంగా 100 బార్ అటూ ఇటూ. అదే ప్రమాణంలో హోస్‌ను 35 గంటలు ఆపకుండా ఊపే పరీక్ష కూడా ఉంది. బ్రెయిడెడ్ హోస్‌లు తడబడేది అక్కడే. పీటీఎఫ్ఈ గొట్టం వంపుకు లొంగదు, చివర ఫిట్టింగ్ మొదట్లో పదే పదే వంగితే అక్కడ చిట్లుతుంది.

పెడల్ మెత్తగా ఉంటే

హోస్‌లు కొనేముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. ఇంజిన్ ఆపి, పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, పాదం బలాన్ని పెంచే బూస్టర్‌లోని వాక్యూమ్ ఖాళీ చేయండి. తర్వాత గట్టిగా తొక్కి పట్టుకోండి. పెడల్ నెమ్మదిగా కిందికి జారిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు పోయాయి. హోస్‌లు మార్చితే అది బాగుపడదు. ఒకసారి తొక్కితే లోతుకు వెళ్లి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే పట్టుకుంటుంటే వెనక డ్రమ్ములు చూడండి. మన హ్యాచ్‌బ్యాక్‌లలో ఎక్కువ వాటికి వెనక డ్రమ్ములే. షూ అరిగే కొద్దీ సందు సరిచేసే ఆటో అడ్జస్టర్ తుప్పు పట్టి బిగుసుకుపోతే షూకీ డ్రమ్‌కీ మధ్య సందు పెరుగుతుంది, పెడల్ ఆ సందు నింపడానికే సగం దూరం పోతుంది. తొక్కే కొద్దీ స్పాంజిలా ఒదిగితే లైన్‌లో గాలి ఉంది. ఇవేవీ కాకపోతే హోస్‌ను అనుమానించండి: ఒకరు పెడల్ బలంగా తొక్కుతుంటే మరొకరు టార్చి వేసి నాలుగు హోస్‌లూ చూడాలి. కంటికి కనిపించేంతగా ఎక్కడైనా బుడిపెలా లేస్తే ఆ హోస్ వెంటనే మార్చాలి, ఆ కారు అప్పటిదాకా రోడ్డెక్కకూడదు.

రబ్బరు హోస్‌కు ఇంకో జబ్బుంది, బయటికి కనిపించదు. లోపలి పొర ఊడి అడ్డం పడితే ఆయిల్ క్యాలిపర్‌లోకి (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) వెళ్తుంది, వెనక్కి రాదు. ఒక చక్రం వేడెక్కుతుంది, కారు ఒక పక్కకు లాగుతుంది, మైలేజీ పడిపోతుంది. మెకానిక్ చాలాసార్లు క్యాలిపర్ మీద నెపం వేస్తాడు. పరీక్ష సులువు: చక్రం జాకీ మీద ఉండి బిగుసుకుని ఉన్నప్పుడు హోస్‌కు ముందున్న ఇనుప పైపు నట్టు కొద్దిగా వదులు చేయండి. చక్రం వదలకపోతే నట్టు బిగించి, ఈసారి క్యాలిపర్ నిప్పల్ (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) తెరవండి. ఇప్పుడు చక్రం తిరిగితే తప్పు హోస్‌ది. అప్పటికీ తిరగకపోతే క్యాలిపర్ పిస్టనో, స్లైడ్ పిన్నులో బిగిశాయి.

ఉప్పు గాలి, డీజిల్ స్ప్రే

లాసన్స్ బే, రుషికొండ, సాగర్‌నగర్, భీమిలి వైపు ఆరుబయట నిలబెట్టే కార్లలో ఇనుప పైపులు వెనక ఇరుసు దగ్గర, పెట్రోల్ ట్యాంకు పక్కన, ముఖ్యంగా ప్లాస్టిక్ క్లిప్పుల కింద తుప్పు పడతాయి. క్లిప్పు కింద తడి మట్టి చేరి ఆరదు. పైన కోటింగ్ బాగానే కనిపిస్తున్నా లోపల గుల్లబారి ఉండవచ్చు. ఏడాదికొకసారి, వానలు తగ్గాక, కారు ర్యాంపు ఎక్కించి క్లిప్పులు ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. పైపైన ఎరుపు దుమ్ము మాత్రమే ఉంటే తుడిచి పూత వేయవచ్చు. గోటికి గుంటలు తగిలినా, పొరలు పెచ్చులుగా లేచినా ఆ పైపు మార్చాల్సిందే.

కారు కింద భాగానికి వాటర్ సర్వీసింగ్ అయ్యాక మెరుపు కోసం డీజిల్ కొట్టడం చాలా చోట్ల అలవాటు. దయచేసి కొట్టనివ్వకండి. ఈపీడీఎం రబ్బరుకు డీజిల్, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్, గ్రీజు ఏవీ పడవు. ఉబ్బి మెత్తబడుతుంది. తుప్పు ఆపాలని చేసిన పని హోస్‌ను తినేస్తుంది. మంచినీళ్లతో కింద భాగం బాగా కడిగిస్తే చాలు.

హోస్‌ల సంగతికొస్తే 10,000 కి.మీ.కొకసారి ప్రతిదాన్నీ చేత్తో వంచి చూడండి. వంపు దగ్గర సన్నని పగుళ్లు, ఫిట్టింగ్ మొదట్లో తడి, టైరు రాసుకున్న గీతలు ఉంటే మార్చండి. పైకి బాగున్నా ఎనిమిది, పదేళ్లు దాటితే నాలుగూ కలిపి మార్చడమే మా సలహా. కొనేటప్పుడు హోస్ మీద తయారీదారు పేరు, తేదీ, ఐఎస్ 7079 ముద్ర చదవండి. ఏ ముద్రా లేని నల్ల గొట్టం ఎంత చవకైనా వద్దు.

బ్రెయిడెడ్ ఎవరికి

ట్రాక్ మీద తోలేవారికి, రబ్బరు హోస్ దొరకని పాత మోడల్ ఉన్నవారికి వాటిలో అర్థముంది. ఎలాగూ హోస్‌లు మార్చే సమయం వచ్చి, పెడల్ గట్టిగా ఉండటం ఇష్టమైతే వేయించుకోండి, తప్పు లేదు. అయితే కొన్ని షరతులు. మీ మోడల్‌కే చేసినది, ఏదో ఒక గుర్తింపు పొందిన ప్రమాణం ముద్ర ఉన్నది కావాలి. ఫిట్టింగులు యంత్రంతో నొక్కినవై ఉండాలి, చేత్తో బిగించే రకం రోడ్డు కారుకు వద్దు. అల్లిక మీద ప్లాస్టిక్ తొడుగు తప్పనిసరి. తొడుగు లేకపోతే ఇసుక తీగల మధ్య దూరి లోపలి గొట్టాన్ని అరగదీస్తుంది, బయట అల్లిక తగిలిన ప్రతి వస్తువునూ ఆకురాయిలా కోస్తుంది. చివరి ఫిట్టింగులు కూడా స్టెయిన్‌లెస్‌వే అడగండి. జింకు పూసిన మామూలు ఇనుపవైతే మన తీరంలో ముందు అవే తుప్పు పడతాయి. ఒక లోపం మాత్రం ఒప్పుకోవాలి: రబ్బరులా పగుళ్లు చూసి ముందే పసిగట్టే వీలు ఇందులో లేదు. తయారీదారు చెప్పిన గడువు ప్రకారం మార్చడమే.

అరకు నుంచి అనంతగిరి, టైడా మీదుగా శృంగవరపుకోటకు దిగేటప్పుడు బ్రేకులు వదిలేస్తాయన్న భయంతో వీటిని కొనేవారున్నారు. ఘాట్‌లో బ్రేక్ పోయేది వేడి వల్ల. ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పుతాయి, లేదా నీరు పట్టిన ఆయిల్ మరిగి లైన్‌లో ఆవిరి చేరుతుంది. డాట్ 3 గ్రేడు బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీరు పట్టాక 140కే. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం వాయిదా వేయకూడదు. దిగేటప్పుడు రెండో గేర్‌లో దించండి. హోస్‌ల డబ్బు ఆయిల్‌కూ మంచి ప్యాడ్లకూ పెడితే ఘాట్‌లో పనికొస్తుంది.

మార్చే పని

కావలసినవి: హోస్‌లు నాలుగు, ఒక్కో బాంజో బోల్టుకు (హోస్‌ను క్యాలిపర్‌కు బిగించే, మధ్యలో రంధ్రం ఉన్న బోల్టు) రెండు చొప్పున కొత్త రాగి వాషర్లు, హోస్ లాక్ క్లిప్పులు, సీలు తీయని డాట్ 4 ఆయిల్ ఒక లీటరు (రెండు అర లీటరు డబ్బాలైతే మేలు), బ్రేక్ క్లీనర్, నిప్పల్‌కు బిగువుగా పట్టే పారదర్శక గొట్టం, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించారో చూపే పానా), ఫ్లేర్ నట్టు పానా (ఇనుప పైపు నట్టును చుట్టూ పట్టుకునేది). ఈ చివరిది లేకుండా పని మొదలుపెట్టకండి. మామూలు ఓపెన్ పానా నట్టు రెండు మూలలనే పట్టుకుని వాటిని గుండ్రం చేసేస్తుంది.

నట్టు మర (దారం) ఒకటే అయినా పైపు చివర విచ్చుకున్న ఆకారం, అంటే ఫ్లేర్, వేరు కావచ్చు, ఇది చాలామంది పట్టించుకోరు. ఎం10×1.0 (10 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. మర దూరం) దారం జపాన్ కార్లకూ ఉంటుంది, యూరప్ కార్లకూ ఉంటుంది. మొదటివాటికి లోపలికి మడిచిన డబుల్ ఫ్లేర్, రెండోవాటికి సాధారణంగా బుడగ ఆకారపు ఫ్లేర్. ఒకదాని హోస్ మరోదానికి దారం ఎక్కుతుంది, కానీ సీలు కాదు. పాత హోస్ పక్కన కొత్తది పెట్టి పొడవు, చివరలు సరిచూశాకే పాతది విప్పండి.

ముందురోజే నట్ల మీద తుప్పు వదిలించే ఆయిల్ పూయండి, రబ్బరుకు తగలకుండా. కారును చదునైన నేల మీద స్టాండ్లపై నిలబెట్టండి, జాకీ ఒక్కదాన్నీ నమ్మి కిందికి దూరవద్దు. పెడల్‌ను కర్రతో అంగుళం లోపలికి నొక్కి ఉంచితే మాస్టర్ సిలిండర్ రంధ్రం మూసుకుని రిజర్వాయర్ ఖాళీ కాదు. బ్రేక్ లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ నెగటివ్ తీసేయండి. హోస్ చివరను ఒక పానాతో కదలకుండా పట్టి, ఇనుప పైపు నట్టు రెండో పానాతో వదులు చేయండి. నట్టుతో పాటు పైపు కూడా తిరుగుతుంటే ఆగండి. అలాగే తిప్పితే పైపు మెలికపడి తెగుతుంది. ముందుకీ వెనక్కీ కొద్ది కొద్దిగా కదుపుతూ ఆయిల్ ఎక్కించండి. వదలకపోతే ఆ పైపూ మార్చాల్సిందేనని సిద్ధపడండి.

కొత్త హోస్ క్యాలిపర్ వైపు ముందు పెట్టాలి. రెండు పక్కలా కొత్త వాషర్లు, పాతవి మళ్లీ వాడితే కారుతాయి. ఇనుప పైపు నట్టు మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. బాంజోకు సాధారణంగా 25 నుంచి 35, ఫ్లేర్ నట్టుకు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, మీ కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. హోస్ పొడవునా ఉన్న గీత మెలిక లేకుండా నిటారుగా ఉందో లేదో చూడండి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, చక్రం వేలాడుతున్నప్పుడూ బరువు మీద ఉన్నప్పుడూ హోస్ బిగుసుకోకూడదు, టైరుకు తగలకూడదు. క్యాలిపర్‌ను హోస్ మీద ఎప్పుడూ వేలాడదీయవద్దు, తీగతో స్ప్రింగ్‌కు కట్టండి.

ఇక కర్ర తీసేసి గాలి తీయాలి. మాన్యువల్‌లో వరుస వేరేగా లేకపోతే దూరం చక్రం నుంచి మొదలు: ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. ఒకరు నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి, రెండోవారు నిప్పల్ తెరిచి, పెడల్ పైకి రాకముందే మూయాలి. పాత కారులో పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. మామూలుగా పిస్టన్ వెళ్లని లోతులో సిలిండర్ గరుకుబారి ఉంటుంది, అక్కడిదాకా తొక్కితే సీళ్లు కోసుకుపోతాయి. రిజర్వాయర్ ఏ క్షణంలోనూ అడుగంటకూడదు. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్తే స్కానర్ పెట్టి తీయించాల్సి రావచ్చు. పెయింటు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి. మిగిలిన సగం డబ్బా దాచుకోకండి, తేమ పట్టేస్తుంది.

ఇనుప పైపు మార్చాల్సివస్తే కంపెనీ పైపు, లేదా రాగి నికెల్ మిశ్రమ పైపు వేయించండి. అది తుప్పు పట్టదు, సులువుగా వంగుతుంది. ఆటోనగర్‌లో ఎవరైనా ఏసీ రాగి గొట్టం వేస్తామన్నా, తెగిన చోట వెల్డింగ్ పెడతామన్నా, స్లీవ్ నొక్కి అతుకుతామన్నా ఒప్పుకోవద్దు. ఉత్త రాగి అదురుకు గట్టిపడి పగులుతుంది, అతుకు ఒత్తిడికి జారుతుంది.

చివరగా ఇంజిన్ స్టార్ట్ చేసి, పెడల్‌ను ఒక నిమిషం మీ బలమంతా పెట్టి తొక్కి ఉంచండి. రెండోవారు ప్రతి జాయింటునూ పొడి గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడాలి. చెమ్మ కనిపించిందంటే మళ్లీ విప్పి వాషర్ మార్చాలి, ఇంకా బిగించి సరిపెట్టకూడదు. తర్వాత ఖాళీ వీధిలో 20 కి.మీ. వేగంతో నాలుగైదు సార్లు ఆపి చూడండి. 100 కి.మీ. తిరిగాక అవే జాయింట్లను, హోస్‌కూ టైరుకూ మధ్య సందును మరోసారి చూసుకోండి.